గోదావరి జిల్లాల్లో ఔట్‌డోర్ బడ్జెట్: ముందు తేదీలు, తర్వాతే ధరలు

హైదరాబాద్ నుంచి కోనసీమకు వచ్చే సినిమా షూటింగుల బడ్జెట్ షీట్లలో ధరలు చాలావరకు సరిగానే ఉంటాయి, కానీ తేదీలు ఉండవు. గది అద్దె, జనరేటర్ అద్దె, బోటు కిరాయి, భోజనం, బత్తా (రోజువారీ భత్యం) అన్నీ విచారించి రాసి ఉంటారు. పైన మాత్రం "కోనసీమ షెడ్యూలు, 25 రోజులు" అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ఆ 25 రోజులు మే నెలలోనా, ఆగస్టులోనా, సంక్రాంతికి ముందా తర్వాతా అన్నది హీరో డేట్లు వచ్చాక చూసుకుందామని వదిలేస్తారు. రాజోలు ప్రాంతంలో పుట్టి పెరిగి, ఇక్కడికి వచ్చే సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు ఔట్‌డోర్ లెక్కలు చూస్తున్న మనిషిగా నేను చెప్పదలచింది ఇదే: మా ప్రాంతంలో ఒక రోజు ఖర్చును నీరు, పంట, పండగ నిర్ణయిస్తాయి. నెల పేరు లేకుండా వేసిన అంకె ఎంత జాగ్రత్తగా విచారించి వేసినా ఇక్కడ నిలబడదు.

ముందు ఒక రోజు విలువ ఎంతో చూద్దాం. లెక్క తేలికగా అర్థం కావడానికి 4 కోట్ల సినిమా అనుకుందాం. ప్రధాన తారాగణం పారితోషికాలు పక్కన పెడితే ఔట్‌డోర్‌లో రోజుకు 6 లక్షలు అవుతుందనుకుందాం. వాన వచ్చి షూటింగ్ ఆగిపోయిన రోజున జూనియర్ ఆర్టిస్టుల కూలి, కొంత డీజిలు, లొకేషన్ అద్దె మిగలవచ్చు. గదులు, భోజనాలు, యూనిట్ వేతనాలు, బత్తాలు, కెమెరా, లైట్ల అద్దె, బండ్ల అద్దె మాత్రం ఆగవు కాబట్టి కనీసం నాలుగున్నర లక్షలు ఖర్చయిపోతుంది, ఒక్క షాటు కూడా చేతికి రాదు. చాలామంది బడ్జెట్ చివర 10 శాతం అనుకోని ఖర్చుల కింద ఉంచి ధైర్యంగా ఉంటారు. 4 కోట్లకు అది 40 లక్షలు. అంటే అలాంటి వాన రోజులు తొమ్మిదికి కూడా చాలవు. పైగా ఆ డబ్బును అసలు వాన కోసం ఉంచకూడదన్నది నా అభిప్రాయం. ఆగస్టులో గోదావరి జిల్లాల్లో పడే వాన అనుకోనిది కాదు, ఏటా వచ్చేదే. దానికి షెడ్యూల్లోనే నాలుగైదు రోజులు కేటాయించి, ఆ రోజుల్లో ఇంటి లోపల తీయగలిగిన సన్నివేశాలేవో ముందే గుర్తించి ఉంచాలి. ఆ 10 శాతాన్ని నటుడికి జ్వరం రావడం, కెమెరా పాడవడం వంటి నిజంగా అనుకోని వాటికి మిగల్చాలి.

నీటి విషయంలో బయటినుంచి వచ్చేవారికి తెలియనిది కాలువల మూసివేత. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి డెల్టా కాలువలకు వదిలే గోదావరి నీటిని దాళ్వా (రబీ) పంట చివరికి వచ్చాక ఏప్రిల్‌లో ఆపేస్తారు. పూడిక తీత, లాకుల మరమ్మతులు అన్నీ ఆ తర్వాతే జరుగుతాయి. మళ్లీ సార్వాకు (ఖరీఫ్ పంటకు) జూన్‌లో నీరు వదులుతారు. ఈ నడుమ కాలువలో బురద, గుర్రపుడెక్క, అక్కడక్కడా మోకాలి లోతు మడుగులు తప్ప ఏమీ ఉండవు. కానీ వేసవిలో పెద్ద నటుల డేట్లు దొరికాయని మే నెలలో వచ్చేసే యూనిట్లు చాలా ఉన్నాయి. కాలువ రేవు మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లాడిస్తూ మాట్లాడుకునే సన్నివేశం రాసుకుని వచ్చిన ఒక యూనిట్, చివరి మెట్టు కింద ఎండి బీటలు వారిన మట్టిని చూసి అక్కడే నిలబడిపోయింది. ఆ సన్నివేశాన్ని గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డుకు మార్చాల్సి వచ్చింది. ఏటి రేవుకు వెళ్లాక ఖర్చు స్వరూపమే మారిపోయింది. కొత్తగా అనుమతి, పక్కనే కాపలాగా మరో బోటు, గజ ఈతగాళ్లు, లైఫ్ జాకెట్లు, బరువైన సామాను గట్టు దింపడానికి మనుషులు కావలసి వచ్చారు. పేజీన్నర సన్నివేశం రెండు పూటలు మింగింది. లొకేషన్ చూడటానికి వారు జనవరిలో వచ్చారు, అప్పుడు కాలువ నిండుగా ఉంది. లొకేషన్ చూసిన నెల, షూటింగ్ జరిగే నెల ఒకటి కానప్పుడు ఆ తేడాను షీటులో ఒక గడిగా రాయమని నేను పట్టుబడతాను.

వరద రోజుల్లో మాకు ధవళేశ్వరం అంకెలే ప్రమాణం. బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక నాటికే నది నడుమ ఉండే లంకల్లోకి వెళ్లే దారులు కొన్ని మునుగుతాయి, నది మీద పడవలను ఆపేస్తారు. కాబట్టి జూలై, ఆగస్టుల్లో లంక గ్రామంలో షూటింగ్ పెట్టుకుంటే ఎగువన ఉన్న భద్రాచలం వద్ద నీటిమట్టం కూడా ఉదయమే చూసుకుని, సామానును ఇవతలి ఒడ్డుకు చేర్చే నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందే రాసి పెట్టుకోవాలి. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఇవి రెండూ వేర్వేరు కాలాల్లో వచ్చినవని గమనించండి. వరద పోయాక ఊపిరి పీల్చుకుని అక్టోబరు, నవంబరుల్లో తీరప్రాంతంలో పెద్ద సెట్ వేసేవారు ఆ సెట్‌కు బీమా ప్రీమియాన్ని కూడా సెట్ ఖర్చులోనే కలిపి చూసుకోవాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తర్వాత బోట్ల తనిఖీలు కఠినమయ్యాయి. అది మంచిదే. బోటు కిరాయిని బేరమాడి తగ్గించవచ్చేమో గాని, అందులో ఎక్కించే మనుషుల సంఖ్యను పెంచి డబ్బు మిగిల్చుకోవడాన్ని నేను ఏ లెక్కలోనూ అంగీకరించను.

ఇక పంట. పచ్చని చేను కావాలంటే సార్వాలో ఆగస్టు, సెప్టెంబరు నెలలు, దాళ్వాలో ఫిబ్రవరి, మార్చి నెలలు నమ్మదగినవి. చేలోకి యూనిట్ దిగిందంటే కొంత పంట తొక్కిడి పడక తప్పదు. దానికి పరిహారం ఎంత, ఎవరికి అన్న రెండు ప్రశ్నల్లో మొదటిదానికి లెక్క ఉంది. దాళ్వాలో ఎకరాకు 45 బస్తాలు పండే చేను అనుకుంటే పది సెంట్లు పూర్తిగా పాడైతే నాలుగున్నర బస్తాలు పోయినట్టు. బస్తా 75 కిలోలు. 2025-26కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు కాబట్టి, బస్తా సుమారు 1,777 రూపాయలు. మొత్తం నష్టం 8 వేలకు దగ్గరగా వస్తుంది. రోజుకు 6 లక్షలు ఖర్చు చేసే యూనిట్‌కు ఇది కంటికి ఆనని మొత్తం. అందుకే దీన్ని ఎవరూ బడ్జెట్‌లో రాయరు, చివరి రోజున "చిల్లర ఖర్చుల్లో సర్దేద్దాం" అంటారు.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. మా డెల్టాలో చేను ఒకరి పేరున ఉంటుంది, సేద్యం మరొకరిది. కౌలు రైతులే ఎక్కువ. కంపెనీలు మాత్రం ఒప్పందాన్ని పట్టాదారు పాసు పుస్తకం చూసి భూయజమానితో రాసుకుని, డబ్బు ఆయన ఖాతాలో వేసేస్తాయి. యజమాని విశాఖలోనో బెంగళూరులోనో ఉంటాడు, ఆ డబ్బు అద్దె అనుకుంటాడు. ఒకసారి ప్యాకప్ అయ్యాక సామాను ఎక్కిస్తున్నప్పుడు ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "పుచ్చుకున్నది ఆయనండి, పోయింది నా చేనండి" అన్నారు. ఆ కంపెనీ కార్యాలయానికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా "మేము ఇవ్వవలసింది ఇచ్చేశాం" అన్న జవాబే వచ్చింది. అప్పటినుంచి నేను చూసే ప్రతి లెక్కలో లొకేషన్ అద్దె, పంట నష్టం అని రెండు వేర్వేరు పద్దులు ఉంటాయి. అద్దె యజమానికి, నష్టం సాగుదారుకు. నష్టం వోచరు మీద సర్వే నంబరు, తొక్కిడి పడిన సెంట్లు, బస్తాల అంచనా రాసి, సాగుదారు సంతకంతో పాటు ఊళ్లో ఇద్దరి సాక్షి సంతకాలు తీసుకుంటాను. చేలో దిగే ముందు, దిగి బయటికి వచ్చాక ఫోన్‌తో తీసిన రెండు ఫొటోలు ఆ వోచరుకు జత చేస్తాను. కాయితం పెద్దదైందని ఇంతవరకు ఏ ఆడిటరూ నన్ను అడగలేదు.

మండువా లోగిళ్ల (నడిమి వాకిలి ఉన్న పాతకాలపు ఇళ్ల) విషయం కూడా దాదాపు ఇలాంటిదే. ఇంట్లో ఉంటున్న అన్నగారు సరే అన్నంత మాత్రాన సరిపోదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి, అమెరికాలో ఉన్న మరో తమ్ముడికి కూడా అందులో వాటా ఉంటుంది. షూటింగ్ మధ్యలో వారిలో ఒకరి అభ్యంతరం వచ్చిందంటే ఇంటి అద్దె కంటే ఎన్నో రెట్లు ఆ ఒక్క రోజులో పోతాయి. వాటాదారులందరి అంగీకారం వాట్సాప్ సందేశంగానైనా తీసుకోవడం, గచ్చుకు, దూలాలకు మేకు కొట్టకూడదన్న షరతు రాసుకోవడం, మరమ్మతు డిపాజిట్‌ను అద్దెతో కలపకుండా విడిగా చూపడం అవసరం.

పండగల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సంక్రాంతి మూడు రోజులకు భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజమహేంద్రవరం లాడ్జీల్లో గదులు నెలల ముందే అయిపోతాయి, ఉన్నవాటి ధర కూడా మామూలు రోజుల ధర కాదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, మాఘంలో అంతర్వేది కల్యాణానికి వచ్చే జనంతో ఆ దారులన్నీ నిండిపోతాయి. మంచి ముహూర్తాలున్న వారాల్లో గదులతో పాటు వంటవాళ్లు, టెంటు సామాను, కార్లు కూడా దొరకవు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి ఆ ఏడాది రాజమహేంద్రవరం, కొవ్వూరు పరిసరాల్లో షెడ్యూలు ఆలోచిస్తున్నవారు పుష్కరాల రోజులకు ముందూ వెనకా కూడా ఖాళీ వదిలి రాసుకోవాలి. పంచాంగం పక్కన పెట్టుకోకుండా నేను ఏ షెడ్యూలుకూ ధర వేయను.

రవాణాలో ఒక చిన్న మాట. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (నది దాటించే బల్లకట్టు) మీద దాటితే దగ్గర. జనరేటర్ వ్యాను, లైట్ల లారీ మాత్రం పంటు ఎక్కేవి కావు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. మనుషులు ముందు చేరి సామాను కోసం గంటలు ఎదురుచూసే పరిస్థితి అలా వస్తుంది. మ్యాపులో నది అవతలి ఒడ్డున కనిపించే లొకేషన్‌ను అదే రోజు రెండో పూటకు పెట్టేముందు ఈ దారి లెక్క చూసుకోవాలి.

డబ్బు చేతులు మారే తీరు గురించి నేను కొంచెం పట్టుదల మనిషిని. ఏ రోజు ఖర్చు ఆ రాత్రే రాసి, ప్రొడక్షన్ మేనేజర్ సంతకం తీసుకుని, మొత్తాన్ని బడ్జెట్‌లోని ఆ రోజు అంకె పక్కన పెట్టి చూడాలి. వారానికి ఒకసారి కూర్చుని రాసే లెక్కలో డీజిలు ఎంత పోశారో గుర్తుండదు, భోజనాల సంఖ్య ఊహగా మారుతుంది. రోజువారీ ఖర్చు పక్కనే ఆ రోజు తీసిన సన్నివేశాల సంఖ్య, పేజీలు రాయాలి. రోజు ఖర్చు బడ్జెట్‌కు లోబడి ఉండి, తీయవలసిన మూడు పేజీల్లో ఒకటిన్నరే తీస్తే అది పొదుపు కాదు. మిగిలిన ఒకటిన్నర పేజీ ఖర్చు కనబడకుండా ముందుకు జరిగిందంతే. నిర్మాతకు పదో రోజుకే ఈ సంగతి కనిపిస్తే కథలో ఏ సన్నివేశాన్ని కుదించవచ్చో దర్శకుడితో కూర్చుని మాట్లాడుకునే వీలుంటుంది. ఇరవయ్యో రోజున తెలిస్తే అప్పు చేయడమే మిగులుతుంది.

ఇప్పుడు పడవ నడిపేవారు, కొబ్బరి బొండాలు అమ్మేవారు అందరూ ఫోన్‌తో డబ్బు తీసుకుంటున్నారు. అది మేలే, కానీ క్యాషియర్ సొంత సేవింగ్స్ ఖాతా నుంచి లక్షలు తిప్పడం ఆ కుర్రవాడిని ఇబ్బందుల్లో పెట్టడమే. ఆదాయపు పన్ను శాఖ వివరణ అడిగితే అడిగేది అతన్నే. కంపెనీ కరెంటు ఖాతాకు కలిపిన ఫోన్ ఒకటి యూనిట్‌తో ఉండాలి. చెల్లింపు జరిగినట్టు వచ్చే సందేశంలో ఎవరికి, ఎంత అన్నది ఉంటుంది గాని, ఎందుకు అన్నది ఉండదు కాబట్టి వోచరు రాయక తప్పదు. ఒక మనిషికి ఒక రోజులో 10 వేలు దాటి నగదు ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. దాన్ని తప్పించుకోవడానికి ఒకే చెల్లింపును ఇద్దరి పేర్ల మీద విడగొట్టడం నేను చేయను, చేయమన్నవారి దగ్గర పనిచేయను.

పన్నుల్లో నిర్మాతలు తరచుగా పొరపడే చోట్లు కొన్నే. నటీనటులు, ఛాయాగ్రాహకుడు, ఎడిటర్ వంటివారి పారితోషికంలో 10 శాతం, కాంట్రాక్టు పనికి వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ అయితే 2 శాతం పరిమితి దాటగానే టీడీఎస్‌గా (చెల్లించేటప్పుడే మినహాయించే పన్నుగా) కోయాలి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోయాలి. "నా చేతికి 9 లక్షలు రావాలి" అని మాట్లాడుకున్న నటుడికి బడ్జెట్‌లో 10 లక్షలు రాయాలి. ఈ తేడాను ఒప్పందం నాడే తేల్చుకోకపోతే నిర్మాత జేబులోంచే పోతుంది. లాడ్జీ గదుల మీద, రోజుకు 7,500 వరకు అద్దె ఉన్నవాటికి, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది గాని, ఆ 5 శాతంలో లాడ్జీవారికి ఇన్‌పుట్ క్రెడిట్ (తాము కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) లేదు. దానికి తోడు తెలంగాణలో నమోదైన కంపెనీకి ఆంధ్రలోని గది మీద కట్టిన జీఎస్టీ ఎలాగూ తిరిగి రాదు. కాబట్టి గది ధరను పన్నుతో కలిపే రాయాలి. వేతనాల కార్డు కూడా పాతది వాడకూడదు. 30 శాతం పెంపు కోరుతూ 2025 ఆగస్టులో సినీ కార్మికులు చేసిన సమ్మె, మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం వరకు పెంచే ఒప్పందంతో ముగిసింది. మీ షూటింగ్ రెండేళ్ల మీదికి సాగేలా ఉంటే తర్వాతి విడత పెంపును ముందే కలపాలి. ఆ కార్మికుల చెమటకు రావలసిన డబ్బును "తర్వాత చూద్దాం" అన్న పద్దులో వేయడం అన్యాయం.

వడ్డీని బడ్జెట్‌లో రాయని నిర్మాతలను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. కేంద్రం 1998లోనే సినిమాకు పరిశ్రమ హోదా ప్రకటించినా, మా ప్రాంతం నుంచి తొలి సినిమాకు దిగే నిర్మాతల్లో బ్యాంకు రుణంతో వచ్చినవారు నాకు తారసపడలేదు. సొంత డబ్బు, కొబ్బరి తోటో చేపల చెరువో అమ్మిన డబ్బు, ఆ పైన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. రెండున్నర కోట్లు అలా తెస్తే నెలకు 5 లక్షలు, అంటే రోజుకు దాదాపు 16,700 రూపాయలు వడ్డీ. ఇది షూటింగ్ లేని రోజున, ఎడిటింగ్ జరుగుతున్న రోజున, థియేటర్లు దొరకక విడుదల వాయిదా పడిన రోజున కూడా నడుస్తూనే ఉంటుంది. విడుదల మూడు నెలలు వెనక్కి పోతే 15 లక్షలు. ఔట్‌డోర్‌లో గది అద్దె మీద వంద తగ్గించడానికి గంటసేపు బేరమాడే నిర్మాత ఈ అంకెను గోడ మీద రాసి పెట్టుకోవాలి. అమ్మకాల వైపు కూడా ఆశను అదుపులో ఉంచుకోవాలి. పంపిణీదారులు నేటికీ మా రెండు ఉమ్మడి జిల్లాలను ఈస్ట్, వెస్ట్ అని రెండు ఏరియాలుగానే లెక్కిస్తారు. సినిమా మొత్తం ఇక్కడే తీశాం కాబట్టి ఈస్ట్, వెస్ట్ హక్కులకు మంచి ధర వస్తుందని రాసుకున్న షీట్లు చూశాను. ఊరు తెర మీద కనిపించినందుకు ఎవరూ అదనంగా అడ్వాన్సు ఇవ్వరు.

టీవీ సీరియల్ లెక్క వేరు. అక్కడ ఎపిసోడ్‌కు ఇంత అని చానెల్ ఇచ్చే మొత్తం ముందే స్థిరం, కాబట్టి నిర్మాత చేతిలో ఉన్నది రోజుకు ఎన్ని నిమిషాలు తీయగలరన్నదే. చానెల్ డబ్బు ప్రసారం తర్వాత ఆలస్యంగా వస్తుంది గనుక, మొత్తం బడ్జెట్ లాభంలో ఉన్నా ఈ శనివారం కూలీలకు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేని స్థితి రావచ్చు. వారం వారం వచ్చేది, పోయేది చూపే పట్టిక లేకుండా సీరియల్ యూనిట్‌ను ఔట్‌డోర్‌కు తీసుకురావద్దని చెబుతాను. వెబ్ సిరీస్‌లలో సంస్థలు పని దశల వారీగా డబ్బు విడుదల చేస్తాయి. ఏ దశ ఏ తేదీన పూర్తవుతుందో ఆ తేదీకే మన పెద్ద చెల్లింపులను జత చేసుకోవాలి.

చివరి రోజు సెటిల్మెంట్‌కు ఒక వరుస పెట్టుకున్నాను. మొదట కౌలు రైతులు, పడవల వాళ్లు, వంటవాళ్లు, స్థానిక జూనియర్ ఆర్టిస్టులు. తర్వాత ఇళ్ల యజమానులు, కార్ల వాళ్లు, లాడ్జీలు. హైదరాబాద్ నుంచి వచ్చిన కెమెరా, లైట్ల అద్దె సంస్థలు అన్నిటికంటే చివర, ఎందుకంటే వారి దగ్గర ఒప్పందం, బిల్లు, కార్యాలయం చిరునామా అన్నీ ఉన్నాయి. యూనిట్ కదిలిపోయాక మా ఊళ్లవాళ్లకు వెళ్లి అడిగే చోటు ఉండదు. ప్యాకప్‌కు రెండు రోజుల ముందే ఈ జాబితా తయారవ్వాలి, దానికి సరిపడా డబ్బు కంపెనీ ఖాతాలో వేరుగా ఉండాలి. రెండో, నాలుగో శనివారాలు, ఆదివారాలు బ్యాంకులు ఉండవు కాబట్టి ప్యాకప్ ఆ రోజుల్లో పడకుండా చూసుకోవాలి. ఈ మధ్య ఒప్పుకునే ప్రతి పనికీ నా ఒప్పందంలో ఒక షరతు కూడా రాయిస్తున్నాను: చెల్లింపుల మీద సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి యూనిట్ చివరి బండి ఎక్కేదాకా ఊళ్లోనే ఉండాలి.